ఊరంతా కత్‌బర్టే

జడలు వేయించుకోవడానికి కూర్చున్న పిల్ల ఆరు గంటలపాటు కుర్చీలోంచి కదలడానికి వీల్లేదు. కోతలు కోసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కత్‌బర్ట్ ఒలివియెర్ గడ్డం చేయించుకోవడం అయిపోయి గంటన్నర దాటింది. అయినా మెడలో తుండుగుడ్డ తీయకుండా, ఫ్యాను గాలి తగిలే కుర్చీ చూసుకుని, అల్లం షర్బత్ సీసా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎర్మిన్ సెలూన్లో స్థిరపడ్డాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. కెనడాలోని హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి హోరు మీద అరిచి మాట్లాడిన గొంతు. ఉద్యోగంలోంచి ఆయన దిగిపోయాడు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఎర్మిన్‌కి ఆ గొంతు కొత్త కాదు. ఇద్దరిదీ కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ దీవిలో ఒకే ఊరు, ఇక్కడికొచ్చాక ఒకే చర్చి. పగలు ఆఫీసుల్లో నేలలు తుడిచి, సాయంత్రాలు వంటింటి స్టూలు మీద తలలు దువ్వి, పదహారేళ్ళు అలా కష్టపడ్డాక ఈ సెలూన్ పెట్టుకున్న మనిషి ఆమె. కోతల్ని చెవితో వింటూనే చేతులతో పని చేసుకోవడం ఎప్పుడో అలవాటైంది. ఇవాళ మాత్రం చెవి కత్‌బర్ట్ వైపు, చేతులు జోవెల్ తల మీద ఉన్నా, మనసు గోడ గడియారం మీదే ఉంది.

నాలుగు గంటలకి జోవెల్ ఒక మాట చెప్పాలి. అవునో, కాదో.

జోవెల్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. నటి. డిసెంబరు నెలంతా టీవీలో క్రిస్మస్ ప్రేమ సినిమాలు వస్తాయే, అవి తయారయ్యేది జూలైలో, ఈ చుట్టుపక్కల ఊళ్ళలోనే. పచ్చిక మీద తెల్ల దుప్పట్లు పరిచి, చెట్లకి దూది అంటించి, మేపుల్ ఆకు జెండాలు దించి అమెరికా జెండాలు ఎగరేస్తే మంచు కురిసే అమెరికా పల్లె తయారు. అలాంటి సినిమాలు ఆరు చేసింది జోవెల్. ఆరింటిలోనూ హీరోయిన్ స్నేహితురాలే. కాఫీ కప్పు తెచ్చి ఇవ్వాలి, 'నీ మనసు చెప్పిన మాట విను' అనాలి, వెళ్ళిపోవాలి. ఎక్కడికి వెళ్తుందో ఎవరికీ తెలీదు. ఆమెకి అమ్మ ఉందా, ఆమెని ఎవరైనా ప్రేమించారా, సినిమా చెప్పదు. ఈసారి హీరోయిన్ వేషానికి ఆమెని మూడుసార్లు పిలిచి చూశారు. మూడోసారి చప్పట్లు కూడా కొట్టారు. తీరా ఇవాళ పొద్దున ఏజెంటు ఫోన్ చేసి, హీరోయిన్ వేరే అమ్మాయట, నీకు స్నేహితురాలట, నాలుగింటికల్లా చెప్పు, కాదంటే మళ్ళీ పిలుస్తారని నేను హామీ ఇవ్వలేను అంది.

"వేసెయ్ ఆంటీ," అంటూ వచ్చి కూర్చుంది జోవెల్. "సోమవారం నుంచి షూటింగ్. ఒప్పుకునేట్టే ఉన్నాను."

జుట్టు ఇక్కడే చేయించుకుని వెళ్ళాలి. షూటింగ్ దగ్గర జుట్టు చూసే వ్యానులో నలుగురు పనివాళ్ళుంటారు, నలభై దువ్వెనలుంటాయి. చుట్టలు చుట్టుకున్న ఈ నల్లవాళ్ళ జుట్టులో దిగే దువ్వెన ఒక్కటి ఉండదు. మనుషుల్ని పిలుస్తారు, వాళ్ళ జుట్టు సంగతి మాత్రం ఇంటి దగ్గర చూసుకుని రమ్మంటారు. ఆరు సినిమాలకీ ఈ తల సిద్ధం చేసింది ఎర్మినే. ఆరింటిలోనూ ఈ పిల్ల గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోవడం చూసి టీవీ ముందు పళ్ళు నూరుకుందీ ఎర్మినే. ఒప్పుకోవద్దన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడగని సలహా తడపని జుట్టు లాంటిది, దువ్వితే తెగుతుంది. ఊరుకుంది.

ఆ నిశ్శబ్దం కత్‌బర్ట్‌కి నచ్చలేదు.

"ఈ క్రిస్మస్ సినిమాల సంగతి నన్నడగండి," అన్నాడు గొంతు సవరించుకుని. "నేనూ వేశాను ఒకదాంట్లో."

"మొదలైంది," అన్నాడు అవతలి అద్దం ముందు కత్తెరలు తుడుచుకుంటున్న లాసెల్స్. సెలూన్లో మగవాళ్ళ క్షవరం అతని పని. కత్‌బర్ట్ గడ్డం సాఫు చేసిన చేతులు అతనివే.

"నువ్వు కత్తెర తుడుచుకో నాయనా. నేను గొప్పలు చెప్పుకునేవాణ్ని కాదు, ఉన్నదున్నట్టు చెప్తాను. నేను రిటైరైన మరుసటి ఏడు, బ్రాంబుల్‌ఫోర్డ్ అనే ఊళ్ళో తీశారు. గుంపులో గోవిందయ్యలు కావాలన్నారు, వెళ్ళాను. నాకిచ్చిన పని ఒక్కటే. ఎర్ర రిబ్బను కట్టిన గిఫ్టు డబ్బా పట్టుకుని బేకరీ ముందు ఇటు నుంచి అటు నడవడం. ఎండ ముప్ఫై నాలుగు డిగ్రీలు, ఒంటిమీద ఉన్నికోటు, మెడకి మఫ్లరు, చేతులకి తొడుగులు. నడిచాను. ఎలా నడిచాననుకున్నారు?"

"కాళ్ళతో," అన్నాడు లాసెల్స్.

"చలితో నడిచాను! ఒళ్ళంతా చెమట కారుతుంటే పళ్ళు టకటకా కొట్టుకుంటూ నడిచాను. డైరెక్టరు పేరు బ్రెంట్, వెదురుబొంగులా ఉండేవాడు, కెమెరా వెనకనుంచి తల బయటపెట్టి నన్నే చూస్తూ ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే ఛానెల్ ఆఫీసు నుంచి ఫోను. ఏమని? 'ఏమయ్యా బ్రెంటూ, నిన్న తీసిన ముక్క చూశాం, ఊరంతా గిన్నెలో పాలలా ఉంది, ఒక్క కాఫీ చుక్కైనా లేదేంటి, జనం ఉత్తరాలు రాస్తున్నారు, రకరకాల మనుషులు కనపడాలి' అని. పాపం బ్రెంట్ చుట్టూ చూశాడు. గుంపులో అరవైమందిమి. ఆ అరవైలో కాఫీ చుక్కని నేనొక్కణ్నే. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా?"

లాసెల్స్ కత్తెర తుడవడం ఆపాడు.

"నా కోటు మార్చాడు!"

జోవెల్ తల కదిలింది. ఎర్మిన్ రెండు వేళ్ళతో యథాస్థానంలో పెట్టింది.

"నీలం కోటు తీయించి గోధుమరంగుది వేయించాడు. ఈసారి అటు నుంచి ఇటు నడువు అన్నాడు. నడిచాను. కళ్ళజోడు పెట్టి మళ్ళీ నడవమన్నాడు. పోస్ట్‌మ్యాన్ టోపీ పెట్టి ఇంకోసారి. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ ఊళ్ళో నల్లవాళ్ళు నలుగురు. నలుగురమూ నేనే!"

"ఇది నిజమే అయ్యుంటుంది," అంది జోవెల్. "నా రెండో సినిమాలో ఒకాయన్ని ఇలాగే మూడు టోపీలు మార్చి నడిపించారు."

"చూశారా! నిజానికి సాక్షి దానంతటదే వస్తుంది," అన్నాడు కత్‌బర్ట్, కుర్చీలో ఒక జానెడు పెరిగి.

ఎర్మిన్ నిట్టూర్చింది. ఎవరైనా అబద్ధమంటే కాస్త తగ్గి మాట్లాడే మనిషి. నిజమని ఒప్పుకున్నారా, ఇక ఆయనకి పట్టపగ్గాలుండవు.

"భోజనాలయ్యాక మళ్ళీ ఫోను. 'నలుగురు చాలరు, ఇంకా కావాలి'. సరే అన్నాను. డాక్టరునయ్యాను, జడ్జినయ్యాను, కుక్కని తిప్పే పెద్దమనిషినయ్యాను, ఆ కుక్క నన్ను మూడు వేషాల్లో చూసి మతి చెడి కూర్చుండిపోయింది. సాయంత్రానికి పదకొండు వేషాలు. ఒకటి విప్పేలోపే ఇంకోటి తొడుక్కుని ఎంత వేగంగా నడిచానంటే, బేకరీ మలుపులో పోస్ట్‌మ్యాన్ వేషంలో ఉన్న నేను, డాక్టరు వేషంలో ఉన్న నాకే ఎదురుపడ్డాను. మర్యాదగా టోపీ ఎత్తి పలకరించాను. వాడు పలకలేదు!"

"డాక్టరు నువ్వే కదా?" అంది ఎర్మిన్, ఊరుకోలేక.

"నేనే! నాలుగు ముక్కలు చదువుకున్నానన్న పొగరు వాడికి. ఇప్పటికీ వాడితో నాకు మాటల్లేవు."

లాసెల్స్ కత్తెర కింద పెట్టేశాడు. జోవెల్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"ఇంకో సంగతి. గుంపులో వాళ్ళం నోరు కదపాలి గానీ చప్పుడు రాకూడదు, అవునా జోవెల్? హీరోయిన్ మాటలకి మన మాటలు అడ్డం రాకూడదని. నేను చప్పుడు లేకుండా ఎంత స్పష్టంగా మాట్లాడానంటే, డిసెంబరులో ఆ సినిమా చూస్తూ ఒహాయోలో ఒక ముసలమ్మ 'అయ్యో, ఇప్పుడు మీ ఆవిడకి మోకాలినొప్పి ఎలా ఉందండీ?' అని నాకు జవాబిచ్చింది. ఊరుకుందా, ఉత్తరం కూడా రాసింది."

"ఎవరి పేరున రాసింది?" అన్నాడు లాసెల్స్.

"ఊరి పేరున రాసింది. పోస్ట్‌మ్యాన్‌కి చేరింది. పోస్ట్‌మ్యాన్ ఎవరు? నేనే. నేనే తెచ్చి నా చేతికి ఇచ్చుకున్నాను."

ఈసారి జోవెల్ ఆపుకోలేక బయటికే నవ్వింది. తల ఊగిపోయింది. ఎర్మిన్ వేళ్ళలో ఉన్న మూడు పాయలూ జారిపోయాయి. మామూలుగా అయితే దువ్వెన తిరగేసి భుజం మీద ఒక్కటిచ్చేది. పొద్దుట్నుంచి మొహం వేలాడేసుకున్న పిల్ల ఇప్పుడే నవ్వింది కదా అని వదిలేసింది. గడియారంలో మూడున్నర.

"మర్నాడు పాటల బృందం," అన్నాడు కత్‌బర్ట్, షర్బత్ ఒక గుక్క తాగి. "వీధి మలుపులో నిలబడి క్రిస్మస్ పాటలు పాడాలి. వాళ్ళు పాడుతుంటే చూడాలి ఎర్మిన్, పంటినొప్పి వచ్చినవాళ్ళు ఆవలించినట్టుంది. నాకు కడుపు మండిపోయింది. మనూళ్ళో క్రిస్మస్‌కి ముందు తొమ్మిది రోజులు తెల్లారగట్ల లేచి వీధుల్లో ఎలా ఆడతాం! మన అమ్మలు, అమ్మమ్మలు, పాస్టరుగారు, అందరమూ! క్రిస్మస్ అంటే ఏంటో నేను చూపిస్తానుండండని రెండు చెత్తడబ్బాలు బోర్లించి మొదలుపెట్టాను. నాలుగు గొంతులూ నేనే పాడాను. మంద్రం, మధ్యమం, పై గొంతు, ఆ పై గొంతు. కెమెరావాడు కెమెరా వదిలేసి ఆడాడు. గొడవేంటని వచ్చిన పోలీసు బెల్టు విప్పి ఆడాడు. ఆ మోత విని నయాగరా ఒక నిమిషం ఆగింది."

"ఏ నయాగరా?" అన్నాడు లాసెల్స్.

"నీళ్ళు పడే నయాగరా. ఎన్ని ఉన్నాయేంటి?"

"తొమ్మిది ఉదయాల పండగ నిజంగా సినిమాలో పెట్టారా అంకుల్?" అని అడిగింది జోవెల్. ఆమె అమ్మమ్మది కూడా ఆ దీవే.

కత్‌బర్ట్ షర్బత్ సీసా వైపు చూశాడు. "ఎడిటింగులో పోయింది," అన్నాడు. "అక్కడ గంటలు మోగుతున్న చప్పుడు వేసుకున్నారు."

వెంటనే మళ్ళీ వేగం అందుకున్నాడు.

"మూడో రోజు మళ్ళీ ఫోను. 'ఎంతసేపూ ఒక రకమేనా, ఇంకో రకం కావాలి'. బ్రెంట్ తలపాగా గుడ్డ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఛీ పొమ్మన్నాను. నా పక్కన ఇరవై ఏళ్ళు కొలిమి దగ్గర పనిచేసిన గురుబక్ష్ ఉన్నాడు, వాణ్ని పిలువు, వాడి తలపాగా వాడి తల మీదే ఉంటుంది, అది కోటు కాదు ఎవడుపడితే వాడు తగిలించుకోవడానికి అన్నాను. మనిషన్నాక ఒక హద్దుండాలి."

"పదకొండు వేషాలయ్యాక గుర్తొచ్చిందన్న మాట హద్దు," అంది ఎర్మిన్.

"గుర్తొచ్చింది కదా! అదీ గొప్పే."

"పిలిచారా మరి గురుబక్ష్‌ని?" అని అడిగాడు లాసెల్స్.

"టైము లేదన్నారు. నాకు తొడగడానికి ఇంకో ముప్ఫై రెండు ఉన్నికోట్లు తెచ్చారు." కత్‌బర్ట్ చెయ్యి ఊపేశాడు. "అసలు కథ ఇక్కడుంది, వినండి. దూది మంచు అయిపోయింది. నురగ ఊదే మిషను పాడైంది. మంచు లేని క్రిస్మస్ ఎవడు చూస్తాడు? బ్రెంట్ నడివీధిలో కూలబడి ఏడుస్తున్నాడు. నేను తల పైకెత్తి, ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాణ్ని పిలిచినట్టు ఆకాశాన్ని పిలిచాను. 'ఏయ్! పైన ఎవరూ పని చెయ్యట్లేదా?' అంతే. జూలైలో, ఆ ఎండలో, మోకాలిలోతు మంచు! చెరువులో పెద్దబాతులు అది చూసి, అయ్యో ఈ ఏడు ఆలస్యమైపోయామే అనుకుని హడావిడిగా దక్షిణానికి లేచిపోయాయి. ఫ్లోరిడా దాకా వెళ్ళి, అక్కడ జనం చొక్కాల్లేకుండా తిరుగుతుంటే సంగతి తెలిసి తిట్టుకుంటూ తిరిగొచ్చాయి. ఇప్పటికీ రేవు దగ్గర పార్కులో నన్ను చూస్తే బుసకొడతాయి."

"అది మాత్రం నిజం," అన్నాడు లాసెల్స్. "బుసకొట్టి తరమడం నేను కళ్ళారా చూశాను. పెద్దాయన చెప్పు వదిలేసి పరిగెత్తాడు."

"అంత మంచులో ఊరికి మేయరు లేకపోతే ఎలా? ఎన్నికలు పెట్టారు. ఓటర్లని లెక్కపెడితే నలభైముగ్గురం నేనే తేలాను. నేనే నిలబడ్డాను, నా మీద పోటీకీ నేనే నిలబడ్డాను."

"ఎవరు గెలిచారు?"

"డాక్టరు! చెప్పానుగా వాడికి పొగరని. ఇంకా పెరిగింది."

జోవెల్ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ అద్దంలో గడియారం వైపు చూడటం ఎర్మిన్ గమనించింది. అద్దంలో ముళ్ళు వెనక్కి తిరుగుతున్నట్టున్నాయి గానీ అసలు గడియారంలో నాలుగుకి పన్నెండు నిమిషాలే ఉంది. ఇప్పటికి సగం తల జడలయ్యాయి, మిగతా సగం ఉబ్బి నిలబడి ఉంది. ఎర్మిన్ జడలు గట్టిగా బిగిస్తోంది. కోపం వస్తే ఆమె చెయ్యి బిగుస్తుంది.

"ఇక ఆఖరి రోజు," అన్నాడు కత్‌బర్ట్, లేచి నిలబడి. తుండుగుడ్డ భుజం మీద శాలువాలా వేసుకున్నాడు. "ముద్దు సీను. పట్నం నుంచి వచ్చిన హీరోయిన్, ఊళ్ళో క్రిస్మస్ చెట్లమ్మే హీరో. వాడేమో ఉన్ని స్వెట్టర్లో ఉడికిపోయి, సరిగ్గా పెదవులు చాచిన క్షణాన దభీమని పడిపోయాడు. సాయంత్రం వెలుగు పోతోంది. హీరోయిన్ విసుక్కుని, 'ఇంత ఊళ్ళో ఇంకో మగాడే లేడా?' అంది. బ్రెంట్ ఊళ్ళో మగవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టాడు. నలభైమూడు మంది. అందరమూ నేనే. ఆవిడ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కళ్ళ మొహమూ చూసుకుంటూ వెళ్ళి, ఆగి, వేలు చూపించి, 'ఇతనే' అంది."

"ఎవర్ని?"

"నన్నే!"

సెలూన్ గొల్లుమంది. లాసెల్స్ అద్దం బల్ల పట్టుకుని వంగిపోయాడు.

"ముద్దు ఇరవై రెండు నిమిషాలు! మధ్యలో వ్యాపార ప్రకటనలకి కూడా ఆపలేదు! మిగతా నలభై రెండు మందిమీ చప్పట్లు కొట్టాం!"

"మర్సెలీన్‌కి తెలుసా ఈ ముద్దు సంగతి?" అంది ఎర్మిన్. మర్సెలీన్ ఆయన భార్య.

"ఆమెకి చెప్పకు. ఆమె నిజం తట్టుకోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఛానెల్ పెద్దాయన విమానమెక్కి వచ్చి, ఆ ముక్క చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. 'ఒలివియెర్‌గారూ, ఇది వదిలితే జనానికి ప్రేమ మీద ఆకలి తీరిపోతుంది, ఇక మా సినిమా ఇంకోటి ఎవరూ చూడరు, మా పొట్ట కొట్టకండి' అని కాళ్ళ మీద పడ్డాడు. సరే పోనీలే అని ఒప్పుకున్నాను. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. అందుకే మీరెవరూ చూడలేదు."

"మరి ఒహాయో ముసలమ్మ ఎలా చూసింది?" అన్నాడు లాసెల్స్.

"ఆమె అదృష్టం!"

జోవెల్ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. తర్వాత అద్దంలోంచే ఆయన మొహం చూస్తూ, ఇంకా నవ్వు తడి ఆరని గొంతుతోనే అడిగింది.

"అంకుల్, ఆయన పేరేంటి?"

"ఎవరి పేరు?"

"మీ హీరో. ఇరవై రెండు నిమిషాలు ముద్దు పెట్టుకున్నాడే, ఆయన. హీరోయిన్ ఆయన్ని ఏమని పిలిచింది?"

"ఏమనేంటి, కత్‌బర్ట్ ఒలివియెర్..."

"అది మీ పేరు. సినిమాలో ఆయన పేరు?"

కత్‌బర్ట్ నోరు తెరిచాడు. నయాగరాని ఆపిన నోరు, ఆకాశాన్ని పిలిచిన నోరు. ఆయన కళ్ళు గబగబా సెలూనంతా తిరిగి, అల్మారాలో ఒక డబ్బా మీద ఆగాయి.

"షియా," అన్నాడు. "మిస్టర్ షియా."

లాసెల్స్ ఆ డబ్బా తీసి ఆయన ముందు పెట్టాడు. "ఇది తలకి రాసుకునే షియా వెన్న పెద్దాయనా. ముద్దు పెట్టుకున్నది వెన్నడబ్బానా?"

మళ్ళీ నవ్వులు. జోవెల్ మాత్రం వదల్లేదు.

"పోనీ పోస్ట్‌మ్యాన్ పేరు?"

"పోస్ట్‌మ్యాన్."

"జడ్జి?"

"జడ్జే."

"ఆ పొగరుబోతు డాక్టరుకి?"

కత్‌బర్ట్ సీసా మూత బిగించాడు.

"నలభైముగ్గురు, ఒక్కడికీ పేరు లేదా అంకుల్?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. అయినా బుడగకి సూది తగిలినట్టయింది. కత్‌బర్ట్ మెల్లిగా కూర్చున్నాడు. తుండుగుడ్డ భుజం మీంచి తీసి ఒళ్ళో మడతపెట్టుకున్నాడు.

"నలభై మూడు కాదులే," అన్నాడు. ఎర్మిన్ ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. కొలిమి ఆగిపోయిన ఫ్యాక్టరీలా ఉంది. "నాలుగే. నాలుగు వేషాలు. సాయంత్రం ఆరింటికి పొమ్మన్నారు. పొద్దున వచ్చినవాళ్ళందరికీ ఒక కాగితం ఇచ్చారు, ఎవరు ఎక్కడ నిలబడాలో. నా పేరు ఉంటుందేమోనని చూశాను. 'గిఫ్టు డబ్బా' అని ఉంది. అంతే. పోయేటప్పుడు ఆ డబ్బా వెనక్కి తీసుకుని, నలిగిందేమోనని నాలుగు వైపులా తిప్పి చూశారు. నావైపు ఎవరూ చూడలేదు."

లాసెల్స్ డబ్బాని తీసుకెళ్ళి అల్మారాలో పెట్టాడు. ఎర్మిన్‌కి ఆయన్ని తిట్టాలనిపించింది. పన్నెండేళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని మంచు, బాతులు, ముద్దులు చెప్పుకుంటూ తిరిగాడా ఈ మనిషి?

జోవెల్ ఒళ్ళో ఫోను మోగింది.

ఏజెంటు షెల్బీ. జోవెల్ చెవి దాకా క్రీము ఉండటంతో ఫోను ఒళ్ళోనే పెట్టి గొంతు బయటికి వినపడేలా నొక్కింది.

"జోవెల్, టైమైపోయింది. సరే అని చెప్పేస్తున్నాను, అంతేగా?"

"షెల్బీ, ఆ స్నేహితురాలి పేరేంటి?"

"ఏంటి?"

"నేను వేసే అమ్మాయి పేరు."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఉండు... 'స్నేహితురాలు, సరదాగా ఉంటుంది' అని రాశారు. పేరు తర్వాత పెడతార్లే. అదేం పెద్ద సంగతి?"

"ఎన్ని సీన్లు ఉన్నాయి నాకు?"

"పందొమ్మిది. మంచి వేషం జోవెల్, ఇదివరకటికన్నా పెద్దది."

"పందొమ్మిది సీన్లలో హీరోయిన్ తన ప్రాణ స్నేహితురాల్ని ఏమని పిలుస్తుంది?"

కాగితాలు మళ్ళీ తిరిగాయి. ఈసారి చాలాసేపు తిరిగాయి.

"'ఏయ్' అంటుంది," అంది షెల్బీ చివరికి.

ఎర్మిన్ వేళ్ళు ఆగిపోయాయి. చేతికింద ఆ తల వేడెక్కడం ఆమెకి తెలుస్తోంది.

"అయితే నేను చెయ్యను," అంది జోవెల్. "ముందు ఆ పిల్లకి పేరు పెట్టమను. ఇంటిపేరు కూడా పెట్టమను. ఆ ఇంటిపేరుతో ఊళ్ళో ఒక ఇల్లు కట్టమను. అందులో ఆ పిల్ల కూర్చుని తన కాఫీ తను తాగే సీను ఒక్కటి రాయమను. అప్పుడు పిలవమను."

"వాళ్ళు వేరే అమ్మాయిని తీసుకుంటారు."

"తెలుసు."

"మళ్ళీ పిలవకపోవచ్చు. అదీ తెలుసా?"

"అదీ తెలుసు. నేను చెప్పిన మాట చెప్పినట్టు వాళ్ళకి చెప్పు షెల్బీ. ఉంటాను."

ఫోను ఆపేసింది. దాన్ని మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కుకుంది. ఆరేళ్ళ పని ఒక్క నిమిషంలో చేజార్చుకున్న పిల్లకి ఎలా ఉంటుందో ఎర్మిన్‌కి తెలుసు. మొదట పనిచేసిన ఆఫీసులో మేనేజరు కాఫీ ఒలికించి 'ఏయ్, తుడువు' అన్న రోజు చీపురు అక్కడే పెట్టి వచ్చేశాక, బస్టాపులో ఆమె కూడా సంచిని ఇలాగే అదిమి పట్టుకుంది. ఆ సాయంత్రమే వంటింటి స్టూలు మీద మొదటి తల దువ్వింది.

"ఆంటీ, సగం తల మిగిలిపోయింది," అంది జోవెల్. "సోమవారం పని లేదుగా. ఆపేస్తావా?"

"ఎందుకు ఆపుతాను? ఇల్లున్న పిల్ల సగం తలతో తిరుగుతుందా?" అంది ఎర్మిన్. క్రీము తీసుకుని కొత్త పాపిడి తీసింది. ఈసారి చెయ్యి బిగించలేదు. "తల నిటారుగా పెట్టు."

జోవెల్ నిటారుగా కూర్చుంది. ముక్కు చీదింది, నవ్వింది.

ఫ్యాను పక్క కుర్చీలో కత్‌బర్ట్ గొంతు సవరించుకున్నాడు. లాసెల్స్ రెండు చేతులూ ఎత్తాడు, మళ్ళీ మొదలా అన్నట్టు. కానీ ఆయన లేవలేదు, అరవలేదు.

"అమ్మాయ్," అన్నాడు, "వాళ్ళు నిజంగా అడిగితే, ఇంటిపేరుకి ఎక్కడా వెతుక్కోకు. నాది తీసుకో. ఇంతవరకు ఏ సినిమాలోనూ వాడలేదు. మడత కూడా నలగలేదు."